అల్లుడుగారికి ఇమ్యూనిటీ పొడి

రావులపాలెం నుంచి నరసాపురం దాకా ఏ మందుల షాపు అద్దం చూసినా ఒకటే మాట: 'ఇమ్యూనిటీ పెంచుకోండి'. ఎంత పెంచాలో మాత్రం ఎవరూ చెప్పరు. కిలోల్లోనా, లీటర్లలోనా, క్యూసెక్కుల్లోనా? డబ్బా మీద కండలు తిరిగిన వీరుడు. లోపల ఒమేగా–3, పసుపు, అశ్వగంధ. పాలల్లో రెండు చెంచాలు. దగ్గుంటే మూడు.

1852 నుంచి ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు తాగుతున్న జనానికి ఈ సరుకు అమ్మడం ప్రతిభే, ఒప్పుకోవాలి. సార్వాలో తూము మొత్తం ఎత్తేస్తే చేను మునుగుతుందనీ, మూసేస్తే బీటలు తీస్తుందనీ ఇక్కడ బడికెళ్లే పిల్లాడికీ తెలుసు. కాలువ తూములు చూసే లస్కరు దగ్గరికెళ్లి 'బాబూ, కాస్త నీళ్లు బూస్ట్ చెయ్యి' అని ఎవడూ అనడు. ఒంటి విషయానికొచ్చేసరికి మాత్రం లాకులన్నీ బార్లా తెరిచెయ్యాలి!

సరే, క్షయ సూక్ష్మజీవి సంసారం ఓసారి చూద్దాం. ఊపిరితిత్తుల్లోకి వచ్చినదాన్ని మాక్రోఫేజ్ అనే కాపలా కణం మింగి ఓ సంచిలో పెడుతుంది. ఆ సంచి గోడ మీద పీఐ3పీ అనే కొవ్వు గుర్తు పడాలి. అది డోర్ నంబరన్నమాట. ఆ గుర్తు ఆనవాలుగా, ఆమ్లమూ జీర్ణరసాలూ మోసుకుని లైసోజోములు వచ్చి సంచిలో కలిస్తే లోపలున్నవాడు అరిగిపోతాడు.

కానీ వచ్చినవాడు మామూలు చుట్టమా? సంక్రాంతికొచ్చిన కొత్త అల్లుడు. గడప దాటగానే చేసే మొదటి పని డోర్ నంబరు చెరపడం. తన ఒంటి మీది లామ్ అనే పదార్థంతో ఆ నంబరు రాసేవాడి చెయ్యి పట్టుకుంటాడు. అప్పటికే రాసినవాటి మీంచి శాప్‌ఎం అనే ఎంజైముతో ఫాస్ఫేటు పీకేస్తాడు. (ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి లోకానికిచ్చింది భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సీమలోనా ఈ పొడులు!) లైసోజోములు వీధి మొగలో నిలబడి 'ఏవండీ, ఆ ఇల్లెక్కడండీ?' అని అడుగుతుంటాయి. అల్లుడుగారు అరుగు మీంచే 'ఈ వీధిలో అలాంటి ఇల్లే లేదండీ' అంటారు.

ఇక మర్యాదలు. మాక్రోఫేజ్ కొవ్వు బొట్లు పోగేసుకుని నురగలా ఉబ్బుతుంది. అవి అల్లుడికి పూతరేకులు. మామగారి కొలెస్ట్రాల్‌నీ వదలడు. దాన్ని లోపలికి లాక్కోవడానికి ఎంసీఈ4 అనే సొంత బోదె తవ్వుకున్నాడు. కనుమ వెళ్లింది, ముక్కనుమ వెళ్లింది, శివరాత్రి దాటింది. కదలడు. సుమారు 20 గంటలకోసారి రెట్టింపవుతాడు, తొందరేముంది?

ఇంటివాళ్లు ఊరికే కూర్చోరు. అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వులోంచి చీటీలు రాసి పంపుతారు. ప్రోస్టాగ్లాండిన్ ఇ2 చీటీలో 'పొర చిరిగినచోట కుట్టండి, చావక తప్పకపోతే తలుపులేసుకుని పద్ధతిగా చద్దాం' అని ఉంటుంది. లిపాక్సిన్ ఎ4 చీటీ వస్తే ఆ మొదటి చీటీ ఆగిపోతుంది; కణం భళ్లున పగిలి సూక్ష్మజీవులు వీధిన పడతాయి. రోగం తెచ్చే రకం ఏ చీటీ రాయిస్తుందో చెప్పాలా?

జీబ్రాచేపల మీద, చేపలకొచ్చే దీని దాయాదితో ప్రయోగాలు చేశారు. (పులస మీద చెయ్యాలంటే పుస్తెలమ్మాలి.) ల్యూకోట్రైన్ బి4 అనేది అదే కొవ్వులోంచి వచ్చే మరో చీటీ. దాన్ని తయారుచేసే ఎంజైము తక్కువైన చేపల్లో, కణాల్ని పోరుకి రేపే టీఎన్ఎఫ్ అనే సంకేతం చాలక, సూక్ష్మజీవులు కిక్కిరిసి మాక్రోఫేజ్ పగిలింది. ఎక్కువైన చేపల్లో టీఎన్ఎఫ్ పొంగి, కణానికి శక్తినిచ్చే పొయ్యిలైన సొంత మైటోకాండ్రియా సెగకే మాక్రోఫేజ్ పగిలింది. ఎటైనా అల్లుడు వీధిలోనే, ఇంకా ఏపుగా. ఇప్పుడు మన మూడు చెంచాలూ ఏ చేపకి పోద్దామండీ?

చేప సంగతి పోనీ. రైస్ మిల్లు జట్టు కూలీ మూడు వారాలుగా దగ్గుతూ వస్తే సిరప్పూ పొడీ చేతిలో పెట్టి పంపేవాణ్ణి ఏమనాలి? రెండు వారాలు దాటిన దగ్గుకి కఫం పరీక్ష చెయ్యాలి, అది సర్కారు ఆసుపత్రిలో ఉచితం, ఈ ముక్క చెప్పడానికి వాడికి నోరు రాదు! పొద్దున్నే నోరు పుక్కిలించి, గుండె లోతుల్లోంచి దగ్గి తీసిన కఫం కావాలి. ఉమ్మి ఇస్తే ఉన్న రోగం కూడా లేనట్టు వస్తుంది. ఇదీ చెప్పరు. మందులు 6 నెలలు: 2 నెలలు నాలుగు రకాలు, 4 నెలలు మూడు. వాటిలో రిఫాంపిసిన్ అనే మందుకి మూత్రం నారింజ రంగులో వస్తే 'వేడి చేసిందిరా, ఆపెయ్' అనే వైద్యశిఖామణులు వీధికొకరు. దగ్గు తగ్గిందని రెండో నెలలో ఆపేసినవాడి ఒంట్లో మిగిలేవి మందులకి లొంగని మొండిఘటాలు. అవి రేపు వాడి పిల్లల ఊపిరితిత్తుల్లో ఉంటాయి. ఆ పాపం ఎవరి ఖాతాలో రాయాలి?

ఒంటికి బలం కావాలా, ఉంది. జార్ఖండ్‌లో రోగుల ఇళ్లవాళ్లకి మనిషికి నెలకి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చి చూశారు. ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గిందని 2023లో తేలింది. బియ్యం, పప్పు! వాటి మీద వీరుడి బొమ్మ ఉండదు కాబోలు. చికిత్సలో ఉన్నవాడి తిండికని సర్కారిచ్చే 500 రూపాయలు 2024 నవంబరు నుంచి నెలకి 1000 అయ్యాయి. అవి తిన్నగా ఆ అద్దాల షాపుకే వెళుతున్నాయి. రెండు డబ్బాలు కొంటే చెంచా ఉచితం.