ఉద్దానం కథకు ఆ వేణువెందుకు?

ఉద్దానం కిడ్నీ బాధితుల మీదో, పొందూరు ఖద్దరు మీదో, సీతంపేట కొండల్లోని సవరల మీదో తీసిన చిన్న డాక్యుమెంటరీ ఒకటి పెట్టుకుని కళ్లు మూసుకుని వినండి. అది ఎక్కడి సినిమానో చాలాసార్లు పోల్చుకోలేరు. అడుగున సాగదీసిన సింథసైజర్ శ్రుతి, దాని మీద దిగులుగా ఒక హిందుస్తానీ వేణువు, కొండ కనబడగానే ఆఫ్రికా వాళ్ల జెంబే డోలు. ఇదంతా కలిపి ఫ్యూజన్ అంటారు. బొమ్మ ఉత్తరాంధ్రదే, చప్పుడు మాత్రం ఏ ఊరిదీ కాదు.

దీనికి సంగీత దర్శకుల అభిరుచిని తిట్టడం సులువు. కారణం అంతకన్నా మామూలుది. స్వతంత్ర చిత్రాలకు పనిచేసే మనిషి దగ్గరికి సినిమా వచ్చేసరికి ఎడిటింగ్ అయిపోయి ఉంటుంది, డబ్బూ దాదాపు అయిపోయి ఉంటుంది. ఇంట్లో కంప్యూటర్ ముందు ఒక్కడే కూర్చుని, ముందే రికార్డు చేసి అమ్మే వాద్యాల చప్పుళ్ల మూటలో, అంటే కొనుక్కున్న శాంపిల్ లైబ్రరీలో, ఏది దొరికితే దానితో పని కానిస్తాడు. మీట నొక్కితే సితార్ పలుకుతుంది, తబలా పలుకుతుంది. జముకు, తప్పెట, తుడుం, కిరిడి లాంటి మన ఉత్తరాంధ్ర వాద్యాలు సాధారణంగా ఆ జాబితాల్లో కనబడవు. ఉత్తరాంధ్ర తెర మీద ఎలా వినబడాలో అలా దూరాన ఎవరో అమ్మిన సరుకు నిర్ణయిస్తోంది.

ఒకప్పుడు ప్రయోగానికి జీతం ఇచ్చేవాళ్లుండేవారు. 1948లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ డాక్యుమెంటరీ సంస్థ ఫిల్మ్స్ డివిజన్‌లో వేణు విద్వాంసుడు, రవిశంకర్ శిష్యుడు విజయ రాఘవరావు ఎన్నో డాక్యుమెంటరీలకు సంగీతం చేశారు. 1969 నాటి హిందీ సినిమా ‘భువన్ షోమ్’ సంగీతమూ ఆయనదే. అదే ఏడాది అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థలో మూగ్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో వెలిసింది. ఫిల్మ్స్ డివిజన్ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిసిపోయింది. ఆ కాలపు ప్రభుత్వ డాక్యుమెంటరీలన్నీ గొప్పవని అనను, చాలావాటిలో ఉపన్యాసమే ఎక్కువ. అయితే నెల జీతం వచ్చే మనిషికి ఒక బాణీ చెడగొట్టుకుని మళ్లీ మొదలుపెట్టే వీలుంటుంది. చేతిలో నాలుగు రోజులే ఉన్నవాడికి ఆ వీలు లేదు.

ఇక అసలు ఒక సంగీతంలో మరొకటి కలపడమే తప్పనే పెద్దలున్నారు. విజయనగరంలో కూర్చుని ఆ మాట అనడానికి కొంత ధైర్యం కావాలి. 1919లో మొదలైన ఇక్కడి సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. పాట, ఆట, కథ, ఛలోక్తి కలగలిసిన హరికథతో ఆయన ఊళ్లను ఊపేశారు. ఆ తర్వాత అదే పీఠమెక్కిన ద్వారం వెంకటస్వామినాయుడు వాయించింది ఐరోపా నుంచి ఓడెక్కి వచ్చిన ఫిడేలు. కలపడం మనకు కొత్త కాదు. ఎవరు ఎవరికి లొంగారన్నదే చూడాలి. ద్వారం వారి చేతిలో ఫిడేలు గమకానికి లొంగింది. ఇప్పటి సినిమాల్లో మన దరువులు కంప్యూటర్‌కు లొంగుతున్నాయి.

జముకునే తీసుకోండి. ఒక పక్క తోలు మూసిన డబ్బాలాంటి వాద్యం అది. తోలు నడుమ నుంచి వచ్చే తీగను ఒక చేత్తో బిగలాగుతూ రెండో చేత్తో మీటుతారు. బిగువు మారిన కొద్దీ స్వరం జారుతుంది, కథకుడి మాట ఎటు పోతే అటు పోతుంది. బెంగాల్ బావుల్ గాయకుల ఖమక్ దీనికి దగ్గరి చుట్టం. ఆ జారుడును సాఫ్ట్‌వేర్‌లో ‘సరిచేసి’ కీబోర్డు పన్నెండు మెట్ల మీద కూర్చోబెడితే మిగిలేది ఉత్త డబ్బా. తప్పెటగుళ్ల సంగతీ అంతే. ఛాతీకి కట్టుకున్న తప్పెటను రెండు చేతులా వాయిస్తూ, పాడుతూ, గజ్జెల కాళ్లతో ఎగురుతూ యాదవులు ఆడే ఆట అది. నింపాదిగా మొదలైన నడక ఊపందుకుని ఎక్కడికో పోతుంది. వాయించేవాళ్ల చెవుల్లో క్లిక్ ట్రాక్, అంటే గడియారంలా టిక్కుటిక్కుమనే కొలత, పెట్టి ఒకే వేగంలో కట్టేస్తే లోపలి ప్రాణం పోతుంది. దరువును ముందు స్వేచ్ఛగా రికార్డు చేసి, ఆ వేగాన్నే కంప్యూటర్‌కు కొలతగా ఇవ్వడం ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో పెద్ద పనేమీ కాదు. సింథసైజరే తప్పెట వెంట పరుగెత్తాలి. నా లెక్కలో అసలు ప్రయోగం అది.

దీనికి బయటి ఉదాహరణ ఒకటుంది. 1960ల మధ్యలో పారిస్‌లో రవిశంకర్ చేస్తున్న సినిమా సంగీతాన్ని పాశ్చాత్య వాద్యకారుల కోసం కాగితం మీద పెట్టే పని అమెరికా సంగీతకర్త ఫిలిప్ గ్లాస్‌కు దొరికింది. తాళం ఎంతకీ కుదరలేదు. స్వరాలను గళ్లుగా విడగొట్టే నిలువు గీతలు చెరిపేశాక కుదిరిందని ఆయనే చెప్పుకున్నాడు. 1982లో మాటలు లేని డాక్యుమెంటరీ ‘కొయానిస్కాత్సి’కి ఆయన ఇచ్చిన సంగీతంలో సితారూ లేదు, తబలా లేదు. మన లయ నుంచి నేర్చుకున్న లెక్క మాత్రం ఆయన సంగీతంలో ఇంకిపోయింది. పరాయి వాద్యాన్ని తాలింపులా చల్లడం కన్నా ఇది ఎంతో లోతైన కలయిక.

అలాగని ప్రతి సినిమాలోనూ తప్పెట మోగాలనీ అనను. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతారు. ఆ చప్పుడు వినీ వినబడనంత సన్నం. దాని మీద ఏ వాద్యం పెట్టినా అది మునిగిపోతుంది. అక్కడ సంగీత దర్శకుడు చేయాల్సిన పని మైకును దగ్గరకు జరిపి తాను తప్పుకోవడం. ఉద్దానం విషయం వేరు. డయాలసిస్ యంత్రానికి తనదైన గుయ్యిమనే శ్రుతి ఉంది, మధ్యలో అలారం కూత ఉంది. సింథసైజర్ శ్రుతి పెట్టాలనుకుంటే ఆ యంత్రం శ్రుతికే కలపాలి. పలాస జీడి కార్ఖానాల్లో గింజలు పగిలే చప్పుడులో కావలసినంత లయ ఉంది. విషాద వేణువు వినగానే మనకు జాలి కలుగుతుంది, జాలి కలిగాక ప్రశ్న ఆగిపోతుంది. ఇన్నేళ్లయినా కారణం తేల్చని జబ్బు గురించిన సినిమాకు అంతకన్నా చేటు లేదు.

ఇవన్నీ జరగాలంటే సంగీత దర్శకుణ్ణి షూటింగ్‌కు ముందే పిలవాలి, వాయించేవాళ్లకు డబ్బివ్వాలి. రెండో దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ప్రదర్శనకారుల హక్కులు 1994 సవరణతో కాపీరైట్ చట్టంలోకి వచ్చాయి. తన ప్రదర్శనకు తన పేరు చెప్పమని అడిగే నైతిక హక్కు, వాణిజ్యంగా వాడుకుంటే రాయల్టీ పొందే హక్కు 2012 సవరణతో చేరాయి. కానీ సినిమాలో వాడుకోవడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్నాక, నిర్మాత దాన్ని వాడుకోవడాన్ని అడ్డుకునే వీలు దాదాపు ఉండదు. కాబట్టి సంతకానికి ముందు ఆ కాగితాన్ని తెలుగులో చదివి వినిపించాలి. నడక బృందానిదైనప్పుడు చివరి అక్షరాల్లో ‘స్థానిక జానపద కళాకారులకు కృతజ్ఞతలు’ అంటే కుదరదు. సంగీతం అన్న కార్డు మీదే, కంప్యూటర్ ముందు కూర్చున్న వ్యక్తి పేరు పక్కనే, ఊరితో సహా వాళ్ల పేర్లు వేయాలి. రాయల్టీలో వాటా ఎంతో అంకెల్లో రాయాలి.