రెండక్షరాలకే చతికిలబడిన తొలి పలుకు

1969 అక్టోబరు 29, రాత్రి పదిన్నర. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లీ క్లైన్ అనే విద్యార్థి, అయిదొందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న స్టాన్‌ఫోర్డ్ పరిశోధన సంస్థ కంప్యూటర్‌లోకి ‘లాగిన్’ కావాలని చూస్తున్నాడు. తర్వాత ఇంటర్నెట్‌గా ఎదిగిన ‘ఆర్పానెట్’ అనే నెట్‌వర్క్‌లో తొలి సందేశం అదే. అటువైపు బిల్ డువాల్ ఫోన్‌లో ఉన్నాడు. ‘ఎల్’ కొట్టి వచ్చిందా అంటే వచ్చిందన్నాడు. ‘ఓ’ కూడా వచ్చింది. ‘జీ’ కొట్టేసరికి అవతలి యంత్రం చతికిలబడింది. ఓ గంటకు సరిచేసుకుని మళ్లీ కలిశారు. ల్యాబ్ పుస్తకంలో ఆ రాత్రి గురించి మిగిలింది ఒక్క ముక్క: కంప్యూటర్‌కీ కంప్యూటర్‌కీ మాట కలిసింది అని.

అణుబాంబు పడినా తెగిపోకూడదనే ఇంటర్నెట్‌ను కట్టారన్న కథ మన దగ్గరా బాగా పాకింది. అది సగమే నిజం. సమాచారాన్ని చిన్న ముక్కలు చేసి, ఒక్కోదానికీ చిరునామా రాసి, దొరికిన దారిన పంపి, చేరినచోట మళ్లీ అతకాలన్న ఆలోచనను అమెరికా పరిశోధకుడు పాల్ బారన్ ఆ భయంతోనే చేశారు. అమెరికా టెలిఫోన్ రంగాన్ని ఏలుతున్న ఏటీ అండ్ టీ అది కుదరదని కొట్టిపారేసింది. బ్రిటన్‌లో డొనాల్డ్ డేవిస్ విడిగా అదే దారి పట్టి, ఆ ముక్కలకు ‘ప్యాకెట్’ అని పేరు పెట్టారు. అసలు పని మొదలైంది మాత్రం ఒక ఆఫీసు చిరాకుతో. రక్షణ శాఖ పరిశోధన సంస్థ ‘ఆర్పా’లో బాబ్ టేలర్ గదిలో మూడు టెర్మినళ్లు (దూరాన ఉన్న కంప్యూటర్‌ను వాడే తెర, కీబోర్డు వంటి పరికరాలు) ఉండేవి. ఒక్కోటీ ఒక్కో ఊరి కంప్యూటర్‌కు, దేని పద్ధతి దానిదే. ఒకదాని నుంచి ఇంకోదానికి మాట్లాడాలంటే లేచి కుర్చీ మారాల్సిందే! ఆ బాధ పై అధికారికి చెప్పుకుంటే, కంప్యూటర్లను కలిపే ఆర్పానెట్ కోసం పది లక్షల డాలర్లు దొరికాయి.

సర్కారు సొమ్ము కావడం కన్నా, అక్కడి మనుషులు పనిచేసిన తీరు మాకు ముఖ్యంగా కనిపిస్తోంది. 1969 ఏప్రిల్‌లో స్టీవ్ క్రాకర్ అనే విద్యార్థి రాసిన తొలి సాంకేతిక పత్రానికి ఆదేశమనో ప్రమాణమనో పేరు పెట్టలేదు, ‘అభిప్రాయాలు చెప్పండి’ అన్నారు. విద్యార్థులు కదా, పెద్దలు ఏమనుకుంటారో అన్న జంకు కూడా ఉంది అందులో. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రచురించిన పద్ధతి నుంచి పుట్టిన టీసీపీ/ఐపీకి (కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నియమాలకు) 1983 జనవరి 1న నెట్‌వర్క్ మొత్తం మారింది. వాడుకోవడానికి ఎవరికీ రుసుము కట్టక్కర్లేదు. 1993 ఏప్రిల్ 30న యూరప్ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ కూడా, ఇంటర్నెట్‌లో పేజీలు చూపే వెబ్‌ను అందరికీ ఉచితంగా వదిలేసింది. గేటు పెట్టి టికెట్ కొట్టి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

మన దగ్గరా తొలి అడుగు ప్రభుత్వానిదే. 1986లో ఐక్యరాజ్యసమితి సాయంతో కేంద్రం విద్య, పరిశోధన సంస్థల నెట్‌వర్క్ ‘ఎర్నెట్’ మొదలుపెట్టి అయిదు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ వంటి సంస్థలను కలిపింది. సామాన్యుడికి కనెక్షన్ దొరికింది 1995 ఆగస్టు 15న, అప్పటి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ ద్వారా. ఇప్పుడు పరిశోధనకు ఇచ్చే ప్రతి రూపాయికీ ఏడాది తిరక్కుండానే ఫలితం చూపమంటున్నారు. పదేళ్లు ఓపిక పట్టే నిధి ఒకటి విశ్వవిద్యాలయాలకు విడిగా ఉండాలి. ఆ డబ్బుతో రాసిన కోడ్‌ను తాళం వేయకుండా అందరికీ అందుబాటులో ఉంచాలన్న షరతు, మంజూరు పత్రంలోనే రాయాలి.