వడ్డీకి ఒక లెక్క, షేర్ల లాభానికి మరో లెక్క

2025 బడ్జెట్ తర్వాత ‘12 లక్షల దాకా పన్ను లేదు’ అన్న మాట ఇంటింటికీ చేరింది. అందులో ఉన్న మెలిక మాత్రం రిటర్ను వేసే రోజున గానీ చాలామందికి తెలియదు. ఏడాదికి 7 లక్షల పెన్షన్ అందుకునే ఒక రిటైర్డ్ ఉద్యోగి ఉన్నారనుకుందాం. ఎప్పుడో కొన్న ఈక్విటీ ఫండ్ యూనిట్లు అమ్మితే 4 లక్షల లాభం వచ్చింది. మొత్తం 11 లక్షలే కాబట్టి పన్ను పడదని ధీమాగా ఉంటారు. తీరా చూస్తే 35,750 రూపాయలు కట్టాలి. ఆ 4 లక్షలే బ్యాంకు వడ్డీగా వచ్చి ఉంటే ఒక్క రూపాయీ కట్టక్కర్లేదు.

కొత్త పన్ను విధానంలో రిబేటు, అంటే 12 లక్షల దాకా పన్నును మాఫీ చేసే రాయితీ, శ్లాబుల (ఆదాయంతోపాటు పెరిగే రేట్ల మెట్ల) ప్రకారం పడే పన్నుకే వర్తిస్తుంది. షేర్లు, ఈక్విటీ ఫండ్ల మీద దీర్ఘకాలిక లాభానిది, అంటే ఏడాదికి పైగా ఉంచుకుని అమ్మితే వచ్చేదానిది, వేరే అర. అందులో మొదటి 1.25 లక్షలు వదిలేసి మిగతాదాని మీద 12.5 శాతం, ఆ పన్ను మీద మళ్లీ 4 శాతం సెస్సు. ఇలాంటి లాభాలకు రిబేటు ఇవ్వాలా వద్దా అన్న గొడవ బాంబే హైకోర్టు దాకా వెళ్లింది. 2025 ఫైనాన్స్ చట్టం ఆ తలుపు పూర్తిగా మూసేసింది.

ఇప్పుడు ఇదే లెక్క పై మెట్టు మీద వేయండి. జీతమే 24 లక్షలు దాటి 30 శాతం శ్లాబులో ఉన్న ఆయనకు సర్‌ఛార్జి (పెద్ద ఆదాయాలవారి పన్ను మీద వేసే అదనపు పన్ను) పడని స్థాయిలో మరో 10 లక్షల వడ్డీ వస్తే, దాని మీద పన్ను 3,12,000. అదే 10 లక్షలు షేర్ల లాభమైతే 1,13,750. దాదాపు 2 లక్షల మిగులు. ఇంకా పైకి వెళ్తే తేడా మరీ ఘోరం. ఆదాయం 2 కోట్లు దాటినవారికి జీతం, వడ్డీల మీద సర్‌ఛార్జి, సెస్సు కలిపి పై రేటు 39 శాతానికి చేరుతుంది. దీర్ఘకాలిక లాభాల మీద సర్‌ఛార్జిని 15 శాతం దగ్గరే ఆపేశారు కాబట్టి అక్కడ పడేది 14.95 శాతమే.

అంటే 12.5 శాతం అనే ప్రత్యేక రేటు పైనున్నవాడికి రాయితీ, కిందనున్నవాడికి జరిమానా. ఆదాయాన్ని బట్టి పన్ను వేస్తామని చెప్పుకునే చట్టంలో ఇంత తలకిందుల ఏర్పాటు ఉండడం నాకు మింగుడుపడడం లేదు.

షేర్లలో రిస్కు ఉంది, కంపెనీ తన లాభం మీద ముందే పన్ను కట్టింది, ఏళ్ల తరబడి దాచిన సొమ్ము విలువను ధరల పెరుగుదల తినేస్తుంది అని వాదించేవారున్నారు. కానీ డివిడెండు కూడా కంపెనీ పన్ను కట్టాక మిగిలిందే కదా. 2020 నుంచి దాన్ని శ్లాబులోకి నెట్టినప్పుడు ఈ తర్కం ఏమైంది? ధరల పెరుగుదల సంగతి మరీ బలహీనం. దాన్ని లెక్కగట్టే ఇండెక్సేషన్‌ను 2024 జులైలో ప్రభుత్వమే తీసేసింది, పాత ఇళ్లు, స్థలాలకు మాత్రం ఒక వెసులుబాటు మిగిల్చింది. అయినా ధరల దెబ్బ ముందు తగిలేది ఎఫ్‌డీ వేసుకున్నవాడికే. 7 శాతం వడ్డీ వచ్చి ధరలు 5 శాతం పెరిగితే అతనికి నిజంగా మిగిలేది 2 శాతం. పన్ను మాత్రం మొత్తం 7 మీద. 30 శాతం శ్లాబులో ఉంటే ఆ 2 కూడా మిగలదు.

కాలం విషయంలోనూ ఇదే తేడా. ఐదేళ్ల క్యుములేటివ్ డిపాజిట్ (వడ్డీ చివర్లో అసలుతో కలిపి ఇచ్చేది) వేస్తే డబ్బు చేతికి రాకముందే, వడ్డీ పరిమితి దాటగానే ఏటా టీడీఎస్ పేరుతో బ్యాంకే పన్ను కోస్తుంది. షేరు పెరుగుతూ పోతే అమ్మేదాకా పన్ను ఊసే లేదు. పదేళ్లు, ఇరవై ఏళ్లు ఆగవచ్చు. ఏటా 1.25 లక్షల లోపు లాభం వచ్చేలా కాస్త అమ్మి మళ్లీ కొనుక్కుంటే ఆ మేరకు పన్నే ఉండదు. ఈ కిటుకు చెప్పడానికి సలహాదారు ఉన్నవాడికి చట్టం ఒకలా, లేనివాడికి మరోలా పనిచేస్తోంది.

అసలు నా బాధ ఎఫ్‌డీ, షేర్ల తేడాతో ఆగదు. ఈ దేశంలో చెమటోడ్చి సంపాదించిన రూపాయి కంటే కూర్చున్నచోట పెరిగిన రూపాయికి మర్యాద ఎక్కువ. జీతగాడికి నెలనెలా ముందే కోత. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తప్ప కొత్త విధానంలో అతను చెప్పుకోదగ్గ మినహాయింపు లేదు. లిస్టయిన షేర్ల మీద దీర్ఘకాలిక లాభానికి మాత్రం 2004 నుంచి 2018 దాకా అసలు పన్నే లేదు. నైట్ షిఫ్టు చేసే నర్సు ఓవర్‌టైం శ్లాబులో కలుస్తుంది, కోట్ల విలువైన వాటా అమ్ముకున్నవారి లాభం కలవదు. పనికంటే ఆస్తిని గౌరవించే ఈ అలవాటు ఇంటి అద్దె లెక్కలోనూ కనిపిస్తుంది. అక్కడ ఖర్చు చూపక్కర్లేకుండానే 30 శాతం తీసేయనిస్తారు.

నేను కోరేది అన్ని ఆదాయాలనూ ఒకే మొత్తంగా కూడి, ఒకే శ్లాబులో లెక్కించడం. అసలు ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి చూపే వీలు అందరికీ ఇవ్వండి, డిపాజిట్‌దారుడితో సహా. 1961 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టం తెచ్చినప్పుడు ఆ పని చేయాల్సింది. సెక్షన్లు తగ్గించారు, భాష తేలిక చేశారు, ఈ అరలను మాత్రం అలాగే మోసుకొచ్చారు. అంత పెద్ద మార్పుకు సమయం పడుతుందంటే, కనీసం మొత్తం ఆదాయం 12 లక్షలు దాటనివారికి ఏ లాభం మీదైనా రిబేటు వర్తిస్తుందని వచ్చే బడ్జెట్‌లో ఒక్క వాక్యం చేర్చండి. పెన్షనర్ దగ్గర 35,750 వసూలు చేసే ముందు చేయాల్సిన పని అది.