‘స్టార్‌డస్ట్’ వివాదంపై ఒక నిష్పక్షపాత నివేదిక

నదీజలాల తగాదా తీర్చడానికి ట్రిబ్యునళ్లున్నాయి. పొలం గట్టు తగాదాకు కనీసం ఊరి పెద్దమనుషులున్నారు. ‘స్టార్‌డస్ట్’ అనే అమెరికన్ పాటకున్న రికార్డుల్లో ఏది గొప్పదన్న తగాదాకు మాత్రం ఇన్నేళ్లూ దిక్కూదివాణం లేకుండా పోయింది. ఆ రికార్డులు ఒకటీ రెండూ కావు, 1500కు పైమాటే. ఈ బాధ్యతను ఎవరూ నాకు అప్పగించేలా కనిపించకపోవడంతో నేనే నెత్తినేసుకున్నాను.

విచారణకు ముందు ఒక సంగతి స్పష్టం చేయాలి. నాకు ఏ పక్షమూ లేదు. 1940 అక్టోబరు 7న క్లారినెట్ వాద్యగాడు ఆర్టీ షా బృందం చేసిన రికార్డు ఒక్కటి పక్కన పెడితే, మిగతావన్నీ నా దృష్టిలో సమానమే.

ఇక పూర్వాపరాలు. బాణీ కట్టినవాడు హోగీ కార్మైకేల్. ఇండియానా రాష్ట్రంలో బ్లూమింగ్‌టన్ ఆయన ఊరు. 1926లో అక్కడి విశ్వవిద్యాలయంలోనే లా పట్టా పుచ్చుకున్నాడు. బంగారంలాంటి వకీలు వృత్తి వదిలేసి పాటల్లో పడ్డాడే అని జాలిపడేవాళ్లెవరైనా ఉంటే, ఆ జాలి అనవసరం. 1927లో ఆయన దాఖలు చేసిన ‘స్టార్‌డస్ట్’ దావా నూరేళ్లకు దగ్గరపడుతున్నా ఇంకా వాదనల దశ దాటలేదు. ఆయన 1981లో పోయాడు. కక్షిదారులు మాత్రం తరానికి తరం పుట్టుకొస్తూనే ఉన్నారు. ఏ వకీలు చేయగలిగాడు ఇంత పని?

మొదటి సాక్ష్యం 1927 అక్టోబరు 31 నాటిది. ఇండియానాలోనే రిచ్‌మండ్ అనే ఊళ్లో, ఒక పియానోల కంపెనీకి చెందిన జెన్నెట్ స్టూడియోలో కార్మైకేల్ తన మిత్రబృందంతో దీన్ని రికార్డు చేశాడు. స్టూడియో పక్కనే రైలు పట్టాలు. బండి వస్తే పని ఆపి, అది వెళ్లిపోయేదాకా వాద్యాలు ఒళ్లో పెట్టుకుని కూర్చోవలసిందే. అక్కడ పుట్టిన ‘స్టార్‌డస్ట్’లో మాటల్లేవు. కన్నీళ్లు కూడా లేవు. ఎవరో కాలు కదపడానికి లేచినట్టు చకచకా సాగిపోతుంది.

ఈ కేసులో ప్రతివాడూ ముందుగా పలికే మాట ‘ఒరిజినల్’. "ఎన్నొచ్చినా ఒరిజినల్ ఒరిజినలే గురూ" అనే పెద్దమనిషి ప్రతి సభలోనూ ఒకరుంటారు. ఆయనకు ఈ 1927 ప్లేటు వినిపించి చూడండి. మొదట కళ్లు మూసుకుంటాడు. నాలుగు చరణాల వయొలిన్ విషాదానికి సిద్ధపడి తల ఒక పక్కకు వాలుస్తాడు. పది సెకన్లకు ఒక కన్ను తెరుస్తాడు. ఇరవై సెకన్లకు ప్లేయరు వైపు చూసి, "స్పీడు సరిగ్గానే పెట్టావా?" అంటాడు. ఇదే ఒరిజినలండీ అని చెబితే, "ఇది కాదు, ఆ ఒరిజినల్" అంటాడు. ఆయన ఉద్దేశంలో ఒరిజినల్ అంటే తను మొదట విన్నది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు పాపం ఈ సంగతి తెలియక, 2004లో 1927 రికార్డునే భద్రపరచదగిన రికార్డుల జాతీయ పట్టికలో చేర్చుకున్నారు.

పాట నెమ్మదించింది తర్వాత. 1929లో మిచెల్ పారిష్ మాటలు రాశాడు. 1930లో ఐషమ్ జోన్స్ బృందం వేగం తగ్గించి, వయొలిన్‌కు పెద్దపీట వేసి, దీన్ని ప్రేమగీతంగా మార్చేసింది. లోకం మనసు పారేసుకున్నది ఈ నెమ్మదించిన పాట మీద. అంటే ఇవాళ "ఆ పాట ఆత్మ" అని మనం చేతులు జోడించేది సాక్షాత్తూ ఒక కవరు వెర్షను చేసిన మార్పుకు. దీని మీద అభ్యంతరం చెప్పాల్సిన కార్మైకేల్ కూడా చెప్పలేదు సరికదా, తర్వాత తనే పియానో మీద ఒకలాగా, పాడుతూ ఒకలాగా మళ్లీ రికార్డు చేసుకున్నాడు. వాదే ప్రతివాదుల్లో కలిసిపోతే న్యాయమూర్తి ఏం చేస్తాడు?

మనవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. త్యాగయ్య శిష్యులు వాలాజాపేటలో ఒకటి, ఉమయాళ్పురంలో ఒకటి, తిల్లైస్థానంలో ఒకటి పాఠాంతరాలు నిలబెట్టారు. ఒకే కృతికి ఎవరి సంగతులు, అంటే వరసలో వేసే మెలికలు, వారివి. మా గురువుగారి పాఠంలో లేని సంగతి వినిపిస్తే ముందు వరసలో ఇప్పటికీ కనుబొమలు లేస్తాయి. కానీ త్యాగయ్య 1847లో సిద్ధి పొందారు, గ్రామఫోను పుట్టకముందే. ఆయన పాడింది ఇదీ అని చూపించడానికి ప్లేటు లేదు కనుక ఎవరిదీ తప్పని రుజువు కాదు, అందరి పరువూ దక్కింది. ఇక్కడ ప్లేటుంది, తేదీతో సహా ఉంది. అయినా ఎవరికీ అక్కర్లేదు. రుజువు దొరికితే తగాదా తీరుతుందనుకునే అమాయకులకు ఈ ఒక్క ఉదాహరణ చాలు, బాగుపడటానికి.

1931 నవంబరులో షికాగోలో జాజ్ గాయకుడు, ట్రంపెట్ వాద్యగాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఈ పాట మీద చేయి వేశాడు. వరసేమో పైకీ కిందకీ పెద్ద పెద్ద అంగలు వేస్తూ నడుస్తుంది. కార్మైకేల్ ఆరాధించిన, ట్రంపెట్‌లాంటి కార్నెట్ ఊదే వాద్యగాడు బిక్స్ బైడర్‌బెక్ ఊదే పద్ధతి దాని వెనుక ఉందంటారు. గొంతుకంటే వాద్యానికి కుదిరే నడక అది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ అంగల జోలికే పోకుండా, ఒకే స్వరం మీద నిలబడి మాటలు దొర్లించేశాడు. కొన్ని మాటలు మింగాడు, కొన్ని తనవి కలిపాడు. అది పాట కాదని ఒక వర్గం, అదే పాటని, తప్పంతా రాసినవాడిదని ఇంకో వర్గం. ఆ రోజు తీసిన టేకులు ఒకటి కంటే ఎక్కువ మిగలడంతో ఈ రెండో వర్గం కూడా చీలింది. ఒక టేకు చివర ఆయన ‘ఓ మెమరీ’ అని పదే పదే అంటాడు. అది ఉన్న టేకు మీద ప్రాణం పెట్టినవాళ్లు అది లేని టేకు వాళ్లింట్లో మంచినీళ్లు కూడా పుచ్చుకోరు. నేను ఇందులో తలదూర్చను. ఆర్టీ షా రికార్డుకు ఇలాంటి గొడవ లేదని మాత్రం నమోదు చేస్తున్నాను.

రికార్డు కంపెనీల పాత్ర గురించి కూడా రాయాలి. 1936లో విక్టర్ కంపెనీ ఒక ప్లేటు విడుదల చేసింది. ఒక పక్క బెన్నీ గుడ్‌మన్ బృందం వాయించిన ‘స్టార్‌డస్ట్’, తిప్పితే టామీ డార్సీ బృందం వాయించిన ‘స్టార్‌డస్ట్’. ఒకే పాట, ఒకే ప్లేటు, రెండు జెండాలు. ఇరుపక్షాలకూ తుపాకులమ్మే వ్యాపారి కూడా రెండు వేర్వేరు కొట్లు పెట్టుకుంటాడు, వీళ్లకు ఆ మొహమాటం కూడా లేకపోయింది. భర్త గుడ్‌మన్ పక్షం, భార్య డార్సీ పక్షం అయిన కాపురం ఒకటి ఊహించండి. ఆయన పెట్టిన ప్రతిసారీ ఆమె అభిమాన రికార్డు అడుగునపడి నలుగుతుంది, ఆమె తిప్పిన ప్రతిసారీ ఆయనది. ఏ పక్క ఎక్కువ అరిగిందో చూస్తే చాలు, ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తెలిసిపోయేది.

ఇప్పుడు సాకీ సమస్య. మన లలిత గీతాల్లో తాళం అందుకోకముందు తీరుబడిగా ఎత్తుకునే సాకీ ఉంటుంది కదా, అలాంటిది ఈ పాటకూ ఉంది. చాలామంది దాన్ని వదిలేసి నేరుగా పల్లవి అందుకుంటారు. సాకీ లేని ‘స్టార్‌డస్ట్’ తలలేని మొండెమని వాదించే కరడుగట్టిన వర్గం ఒకటుంది. వాళ్ల ఆరాధ్యదైవం నాట్ కింగ్ కోల్. 1957లో ఆయన ఆల్బంలో గోర్డన్ జెంకిన్స్ కూర్చిన తీగవాద్యాల మధ్య సాకీ మొదలుపెడతాడు. ఆ గొంతు వింటే ఎదుటి పక్షం వకీలు కూడా ఫైలు మూసేస్తాడు. నేనూ మూశాను, కాసేపు. వాళ్లకు ఇది చాలదని 1961లో ఫ్రాంక్ సినాట్రా ఇంకో అడుగు ముందుకేశాడు. సాకీ ఒక్కటే పాడి ఊరుకున్నాడు. డాన్ కోస్టా వాద్యబృందం ఎంతో ఆర్భాటంగా మేఘాలు కమ్మిస్తుంది, ఇక పల్లవి కురుస్తుందని మనం గొడుగు విప్పుతాం, అంతే, అయిపోయింది. శ్రీరామనవమి పందిట్లో ఎవరైనా ఇలా సాకీ పాడి దిగిపోతే కమిటీవాళ్లు శాలువా వెనక్కి అడిగేవారు. అక్కడ మాత్రం దాన్ని మేధావితనం అన్నారు. పోనీ పల్లవి తెలియకా అంటే, ఈయనే 1940లో డార్సీ బృందంతో కలిసి పల్లవి పాడి ఉన్నాడు. ఇరవై ఏళ్ల తేడాతో బాకీ తీర్చాడని సరిపెట్టుకోవాలి.

షా రికార్డులో సాకీ లేదు. దాన్ని లోపమనకూడదు, పొదుపు అనాలి.

మిగతావారి అర్జీలు క్లుప్తంగా. వైబ్రఫోన్ వాద్యగాడు లయొనెల్ హాంప్టన్ పక్షంవారు 1947 పాసడీనా కచేరీని సమర్పించారు. సుమారు పావుగంట. అందులో స్లామ్ స్టూవర్ట్ నిలువెత్తు వయొలిన్‌లాంటి బేస్‌ను కమానుతో వాయిస్తూ అదే వరసను పైస్థాయిలో కూనిరాగం తీస్తాడు. ఇది విన్నాక పక్కింటివాళ్లకు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది గనుక రాత్రివేళ అనుమతి లేదు. ట్రంపెట్ వాద్యగాడు క్లిఫర్డ్ బ్రౌన్ 1955లో తీగవాద్యాలతో వాయించింది వింటే వాదించబుద్ధి కాదు. మరుసటి ఏడాదే 25 ఏళ్లకు కారు ప్రమాదంలో పోయాడాయన. ఆ అర్జీ మీద వాదన లేకుండానే సంతకం పెట్టాను. 1978లో విల్లీ నెల్సన్ ఈ పాట పేరుతోనే ఆల్బం చేస్తే, కంట్రీ పాటల పట్టికలో దాదాపు పదేళ్లు కదలకుండా కూర్చుంది. ఆ పదేళ్లలో చెవులు విప్పుకున్న తరానికి మిగతా అందరూ విల్లీ పాటను కాపీ కొట్టినవాళ్లే. నాట్ కింగ్ కోల్‌ది వినిపిస్తే, "పర్లేదు, బాగానే దించాడు" అంటారు. బీటిల్స్ రింగో స్టార్ కూడా 1970లో పాడాడు. ఆ పక్షం తరఫున కోర్టులో ఎవరూ హాజరు కాలేదు.

సాక్షులను విచారించేటప్పుడు నాకొక చిక్కు ఎదురైంది. ఈ రికార్డే ఎందుకు గొప్పదయ్యా అని అడిగితే ఒక్కరూ రికార్డు గురించి చెప్పరు. మా నాన్న కారులో ఈ క్యాసెట్టే ఉండేది అంటారు. హాస్టల్లో నా రూమ్మేటు ఆదివారాలు పెట్టేవాడు అంటారు. ఆ ఏడాది మంచు బాగా కురిసింది అంటారు. ట్రంపెట్ ఏ స్థాయిలో ఎత్తుకుందో అడిగితే తెలియదు, ఆ కారు రంగు తెలుసు. కారు రంగును సంగీత సాక్ష్యంగా స్వీకరించమని ఏకంగా పదిమంది పట్టుబట్టారు. అలా స్వీకరిస్తూ పోతే ప్రతివాడి రికార్డూ గెలుస్తుంది. అందరూ గెలిచే కేసులో న్యాయమూర్తికి గౌరవమేముంటుంది? కాబట్టి కార్లు, రూమ్మేట్లు, మంచు, నాన్నలు ఈ విచారణ పరిధిలోకి రారని కొట్టేశాను.

సంగీతం మాత్రమే లెక్కలోకి తీసుకుంటే మిగిలేవి ఇవి. షా ప్లేటు మొదలవడమే బిల్లీ బటర్‌ఫీల్డ్ ట్రంపెట్. పరిచయవాక్యాల్లేవు, నేరుగా గుండెలోకి. తర్వాత షా క్లారినెట్ అలా పైకి పాకి, ఇక చోటు లేదనుకున్న దగ్గర ఇంకో మెట్టు వెతుక్కుంటుంది. ఆపైన జాక్ జెన్నీ ట్రాంబోన్‌కు దక్కింది ఎనిమిది ఆవర్తాలే. ఉండేది కొన్ని సెకన్లు. ఆ కొన్ని సెకన్లలో స్వరం ఒక్కసారి నిలువునా పైస్థాయికి లేస్తుంది, తడబాటు లేదు, ఆయాసం లేదు. జెన్నీ 35 ఏళ్లకు పోయాడు. ఆ ఎనిమిది ఆవర్తాలు మా బాబాయి గదిలో సాయంత్రంపూట, పాత గోద్రెజ్ బీరువా పక్కన వింటే ఎలా ఉండేదో... ఈ వాక్యాన్ని రికార్డుల నుంచి తొలగించవలసిందిగా గుమాస్తాను ఆదేశిస్తున్నాను.

ఉత్తర్వులు. ‘ఒరిజినల్’ అనే మాట వాడదలచినవారు ముందుగా 1927 ప్లేటును మూడుసార్లు, స్పీడు గురించి అడగకుండా విని రావాలి. గుడ్‌మన్, డార్సీ పక్షాలకు ఉమ్మడి హక్కు ఇవ్వడమైనది, ప్లేటు తిప్పే వంతులు వారే పంచుకోవాలి. ఆర్మ్‌స్ట్రాంగ్ పక్షంలోని రెండు టేకులవారూ ఒకే గదిలో కూర్చోరాదు. సినాట్రా పక్షంవారికి ఈ తీర్పులోని పీఠిక మాత్రమే చదివి వినిపించి పంపేయాలి. షా పక్షంవారు ఏ అర్జీ పెట్టుకోనక్కర్లేదు, వారి తరఫున కోర్టువారే అన్నీ చూసుకున్నారు.

అప్పీలు చేసుకోదలచినవారికి షా ప్లేటు ఒకసారి తిరిగి ఆగేటంత గడువు ఇవ్వడమైనది. జెన్నీ ట్రాంబోన్ వచ్చినప్పుడు నోరు విప్పినవారి అప్పీలు విచారణకు రాదు.