గీత కింద ఏముందో రాయండి

సమాజానికి పనికొచ్చే ప్రతిపాదన ఒకటి చేస్తున్నాను, పెద్దలు ఓపిగ్గా వినాలి. ఇకమీదట పెళ్లి సంబంధాల బయోడేటాలు మ్యారేజీ బ్యూరోలు తయారుచేయకూడదు. ఆ పని ఇంగ్లీషు ఫాంట్లు చేసేవాళ్లకు అప్పజెప్పాలి.

ఈ జ్ఞానోదయం నాకు నెల్లూరు సంతపేటలో, మా నాన్న వదిలివెళ్లిన ప్రెస్సులో అయింది. ట్రెడిల్ మెషీను పాత ఇనుము కింద పోయి చాలా ఏళ్లయింది. సీసం అక్షరాల కేసులు మాత్రం అటకెక్కి కూర్చున్నాయి. బీటెక్ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్న మా మేనల్లుడు వాటిని దించి, మట్టి కడిగి, కాగితం మీద ముద్ర తీసి స్కాన్ చేశాడు. ఆ ఇంగ్లీషు అక్షరాలతో టెక్ అనే కంపోజింగ్ ప్రోగ్రాముకు ఫాంటు చేస్తున్నాడు. పక్క టేబుల్ మీద మా అక్క వాడికి సంబంధాలు చూస్తోంది. ఫ్యాను ఒకటే. ఒకరి కాగితాలు ఎగిరి ఇంకొకరి ఒళ్లో పడుతుంటాయి.

టెక్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. డొనాల్డ్ కనూత్ అనే అమెరికా ప్రొఫెసరు 1977లో తన పుస్తకం కొత్త ఎడిషన్ ప్రూఫులు చూసుకున్నాడు. అచ్చు నచ్చలేదు. మనమైతే కంపోజిటర్ని నాలుగు తిట్టి టీ తాగేవాళ్లం. ఆయన ఏడాదిలో తేల్చేస్తానని సొంతంగా ప్రోగ్రాం రాయడానికి కూర్చున్నాడు, లేచేసరికి పదేళ్లు దాటింది.

ఆ ప్రోగ్రాము పేరాలు విరుస్తుంది, లైన్లు సర్దుతుంది, పేజీలు కడుతుంది. కానీ అక్షరం మొహం ఒక్కసారి కూడా చూడదు. దానికి అందేది కొలతల ఫైలు ఒక్కటే: వెడల్పు ఇంత, ఎత్తు ఇంత, లోతు ఇంత, ఎవరి పక్కన ఎవరొస్తే ఎంత జరగాలి. దాన్నిబట్టి ఖాళీ పెట్టెలు పేర్చుకుంటూ పోతుంది. అసలు ఆకారాలు వేరే ఫైల్లో ఉండి, అచ్చు వేసే వేళకి వచ్చి ఆ పెట్టెల్లో కూర్చుంటాయి. ఇది విన్నప్పుడు మా అక్క బయోడేటా మీంచి తల కూడా ఎత్తలేదు. ‘‘ఇందులో కొత్తేముందిరా? మనం చేసేదీ అదేగా!’’ అంది.

అదే కాదు, అక్కడే తేడా ఉంది. ఆ ఫైల్లో లోతు అని ఒక గడి ఉంటుంది. అక్షరాలన్నీ ఒక గీత మీద కూర్చుంటాయి కదా, ఆ గీతకి కింద ఎంత వేలాడుతోందో అందులో రాయాలి. జీ, జే, పీ, క్యూ, వై అనే చిన్న అక్షరాలకు తోకలున్నాయి. దాస్తే కింది లైన్లో ఉన్న హెచ్ తలకి తగులుతాయి. మన బయోడేటాల్లో ఎత్తు ఉంటుంది, రంగు ఉంటుంది, నెల జీతం, మాగాణి ఎన్ని ఎకరాలో కూడా ఉంటుంది. గీత కింద వేలాడే సొసైటీ బాకీ, షుగరు, అన్నదమ్ముల కోర్టు కేసు మాత్రం పెళ్లయ్యాక కింది లైనువాళ్లకి తగిలినప్పుడే తెలుస్తాయి.

అలాగని అక్షరాలు హరిశ్చంద్రులేం కావు. ఫైలుకి 256 అక్షరాల దాకా పడతాయి కానీ, ఎత్తులు 16 రకాలకి మించకూడదు, అందులో ఒకటి సున్నా. మెమరీ పిసినారిగా వాడుకున్న రోజుల నాటి రూలు. ఎక్కువైతే దగ్గర దగ్గర ఎత్తుల్ని ఒక గుంపుగా కట్టి, అందరికీ మధ్యస్తంగా ఒక ఎత్తు రాసేస్తారు. మా అక్కకి ఈ పద్ధతి బాగా నచ్చింది.

ఇక పొంతనాలు. పెద్ద ‘ఏ’ పక్కన ‘వీ’ వస్తే రెండింటి మధ్యా బండి పట్టేంత సందు కనిపిస్తుంది, అందుకని దగ్గరికి జరపాలి. ‘ఏ’ తర్వాత ‘వీ’కి ఒక లెక్క, ‘వీ’ తర్వాత ‘ఏ’కి ఇంకో లెక్క రాసుకోవాలి. మగపెళ్లివారి లెక్క, ఆడపెళ్లివారి లెక్క వేరైనట్టే. పెద్దా చిన్నా కలిపి 52 అక్షరాలు, 2,704 జతలు. మావాడు ఒక్కో జతనీ కళ్లు చికిలించి చూసి రాత్రి రెండింటి దాకా రాస్తుంటే నాకు బీపీ టెన్షన్ పట్టుకుంది. టెక్ అచ్చు కొలతల్లో అంగుళానికి 72.27 పాయింట్లట, ఒక్కో పాయింటూ 65,536 ముక్కలట. ముహూర్తం పెట్టే అయ్యవారు కూడా విఘడియ దగ్గర, అంటే 24 సెకన్ల దగ్గర ఆగిపోతాడు. పెన్న ఒడ్డున తిక్కన గారు భారతం చెప్తుంటే గురునాథుడు గంటం ఆపకుండా రాశాడంటారు. ఆయన కెర్నింగ్ పట్టిక, అంటే ఈ జతల జరుపుడు లెక్క, అడిగినట్టు ఎవరూ చెప్పుకోలేదు.

‘‘ఎవురు చూస్తార్రా ఇదంతా?’’ అన్నాను.

మావాడు మాట్లాడకుండా కేసులోంచి ఒక సీసం ముక్క తీసి నా అరచేతిలో పెట్టాడు. చిన్న ఎఫ్. దాని తల వంపు తిరిగి ఒంటిని దాటి బయటికి వేలాడుతోంది. ఆ వేలాడే భాగం పేరే కెర్న్ అట. పక్కన ఐ వచ్చిందంటే ఈ తల పోయి దాని చుక్కని గుద్దుతుంది. మెషీను నొక్కుడికి విరుగుతుంది కూడా. అందుకే పోత పోసేవాళ్లు ఆ ఇద్దరినీ కలిపి ఒకే ముక్కగా పోసేశారు. వేలితో కేసు కెలికి చూశాను. తల విరిగిన ఎఫ్‌లు ఆరో ఏడో దొరికాయి. వాటిల్లో కొన్నింటిని మా నాన్న పారెయ్యకుండా దారం కట్టి దాచాడు. కారణం నాకు తెలీదు.

మొన్న ఒక ప్రమాదం జరిగింది. దూరపు చుట్టాలబ్బాయి శుభలేఖకి మావాడి ఫాంటు వాడాం. కొలతల ఫైలు సన్నక్షరాలది, ఆకారాల ఫైలు బొద్దక్షరాలది పడింది. ప్రోగ్రాము కిక్కురుమనలేదు, దానికి పెట్టెలు సరిపోయాయి మరి. ప్రింటులో మాత్రం ‘వెడ్స్’ అన్న ఇంగ్లీషు మాటలో నాలుగక్షరాలూ ఒకదాని మీద ఒకటెక్కి, వరుడి పేరు వధువు ఇంటిపేరులోకి దూరిపోయింది. మా అక్క కార్డు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. ‘‘బయోడేటా ఒకరిది, వచ్చిన మనిషి ఇంకొకరు. మన పెద్దమ్మాయి పెళ్లిచూపుల్లో మాదిరి,’’ అంది.

అదే సాయంత్రం మావాడి బయోడేటా టైపు చేయించింది. వాడు 5 అడుగుల 7 అంగుళాలు. కాగితం మీద 5–9 ఉంది. ‘‘దగ్గరి ఎత్తుకి సర్దాన్లేరా,’’ అంది. వాడు ఏమీ అనకుండా జీతం గడి కింద ‘లోతు’ అని ఇంకో గడి చేర్చి, చదువు కోసం తీసుకున్న బ్యాంకు లోను, మూడు సబ్జెక్టులు రెండోసారి పాసైన సంగతి రాశాడు.

‘‘ఇట్టాంటివన్నీ రాయబాకరా!’’ అని అక్క తనే కీబోర్డు లాక్కుని చెరిపేసింది.

నన్ను 20 కాపీలు తియ్యమంది. తీశాను. కింద మిగిలిన ఖాళీలో మా ప్రెస్సు ఫోన్ నంబరు వేశాను.