కృష్ణబిలాలు చూసుకోవడానికి మనిషి కావలెను

పరిశోధనా సంస్థ ప్రకటనలో మొదటి వాక్యం చదివితే ఒళ్ళు పులకరిస్తుంది. విశ్వం పుట్టిన తొలి వంద కోట్ల ఏళ్ళలోనే అంతంత కృష్ణబిలాలు ఎలా పుట్టుకొచ్చాయి, వాటిని కడుపులో పెట్టుకున్న గెలాక్సీలు వాటితోపాటు ఎలా పెరిగాయి అన్నది తేల్చడానికి ఒక పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక కాంట్రాక్టు మీద పరిశోధన చేసే మనిషి, కావాలట. రెండో వాక్యానికి ఆ పులకరింత దిగిపోతుంది. ‘నియామకం పూర్తిగా తాత్కాలికం. మొదట ఒక ఏడాది. పనితీరు, నిధుల లభ్యతను బట్టి పొడిగించబడును. ఇంటర్వ్యూకు హాజరగువారికి టీఏ, డీఏ చెల్లించబడవు.’

చదివి చదివి అలవాటైపోయిందిగానీ, ఆ ‘ఒక ఏడాది’ వెనక ఎంత ముందుచూపు ఉందో ఎవరూ మెచ్చుకోలేదు. 1,300 కోట్ల ఏళ్ళుగా తింటూ కూర్చున్న బిలం అది. దాని దగ్గర ఎవరినైనా స్థిరంగా కూర్చోబెడితే రేపు పీఎఫ్ అడుగుతారు, ఎల్లుండి పిల్లల్ని బడిలో వేస్తామంటారు. ఖజానా క్షేమం చూసేవాళ్ళు ఒకరుండాలి కదా.

ముందు ఇంటర్వ్యూ. అభ్యర్థికి 32 ఏళ్ళు. పీహెచ్‌డీ అయింది, పేరున్న జర్నల్స్‌లో పేపర్లున్నాయి. సొంత డబ్బుతో రాత్రి రైలెక్కి, స్టేషన్ వెయిటింగ్ రూములో మొహం కడుక్కుని, ప్లాస్టిక్ ఫైలు పట్టుకుని వచ్చింది. బల్లకి అటువైపు ఐదుగురు.

‘డేట్ ఆఫ్ బర్త్ ప్రూఫ్ ఏదమ్మా?’

‘పాస్‌పోర్ట్ ఉంది సార్.’

‘టెన్త్ మెమో?’

‘పీహెచ్‌డీ సర్టిఫికెట్...’

‘టెన్త్ మెమో అడిగానమ్మా.’

పాలపుంత నడిమధ్యన ఉన్న కృష్ణబిలం చుట్టూ ఎస్2 అనే నక్షత్రం 16 ఏళ్ళకోసారి తిరిగివస్తుంది. దాన్ని ఏళ్ళ తరబడి వెంటాడి, మధ్యలో ఉన్నది దాదాపు 40 లక్షల సూర్యుళ్ళ బరువని లెక్కగట్టారు. 2020లో ఆ పని నడిపించిన గెంజెల్, గెజ్‌లకు నోబెల్ ఇచ్చారు. కంటికి కనపడని వస్తువు విషయంలో ప్రపంచానికి ఆ రుజువు చాలింది. ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషి ఎప్పుడు పుట్టిందో తేలాలంటే మాత్రం ఎస్సెస్సీ బోర్డు సంతకం పడాల్సిందే. (అన్నట్టు, ఏడాది కాంట్రాక్టు మీద ఎస్2ని చూసినవాడికి దక్కేది కక్ష్యలో పదహారో వంతు.)

మెమో దొరికింది. ఇప్పుడు పేరు. మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంది. పాస్‌పోర్ట్‌లో చివరికి పోయింది. పేపర్ల మీద ఒక్క అక్షరమే మిగిలింది. తెలుగువాళ్ళ పేర్ల సంగతి తెలిసిందే. ఖగోళశాస్త్ర పేపర్ల ఆన్‌లైన్ జాబితా ఏడీఎస్‌లో వెతికితే ఒకే మనిషి ముగ్గురుగా దొరుకుతుంది. ‘ఈ ముగ్గురూ మీరేనని నోటరీ అఫిడవిట్ తెచ్చుకోవాల్సిందమ్మా.’ తర్వాత ఇంటర్ పర్సంటేజీ. తర్వాత, డిగ్రీ సీజీపీఏని పర్సంటేజీ చేయడానికి 9.5తో హెచ్చవేశారా, 10తోనా? దీని మీద సభ్యుల్లో ఇద్దరికి నిజంగానే అభిప్రాయభేదం వచ్చింది. ఆ రోజు జరిగిన ఏకైక శాస్త్రచర్చ అదే.

ఆ హెచ్చవేతకు పోయిన సమయంలో ఆమె చెప్పాలనుకున్నది ఇది. గెలాక్సీ నడుమ ఉబ్బులో నక్షత్రాల వేగాలు ఎంత చెదిరి ఉన్నాయో కొలిస్తే, అక్కడి బిలం బరువు తెలుస్తుంది. ఎం-సిగ్మా సంబంధం అంటారు. 2000లో రెండు బృందాలు విడివిడిగా బయటపెట్టాయి. బరువు ఆ చెదురుకు నాలుగో ఘాతంలోనో, ఐదో ఘాతంలోనో పెరుగుతుంది. అందుకని చెదురులో 10 శాతం తప్పు దొర్లితే బరువులో సగానికి అటూఇటూగా తప్పు వస్తుంది. వెలుగుని రంగులుగా విడదీసి చూపే స్పెక్ట్రోగ్రాఫ్ తనంతట తాను అందులోని గీతల్ని కొంత వెడల్పు చేస్తుంది కదా, దాన్ని సరిగ్గా తీసేయకపోతే చిన్న గెలాక్సీల్లో లేని బరువు పుట్టుకొస్తుంది. నాలుగో స్లైడ్ అదే. అప్పటికి టైమ్ అయిపోయింది.

చివరి ప్రశ్న మిగిలింది. ‘ఇంకెక్కడైనా ఆఫర్ వస్తే మధ్యలో వెళ్ళిపోవు కదా? మాకు కమిట్‌మెంట్ ముఖ్యం.’

ఏడాది కాగితం చేతిలో పెడుతూ కమిట్‌మెంట్ అడగడానికి చాలా నిబ్బరం కావాలి. అది ఆ ఐదుగురికీ ఉంది.

సరే, చేరింది. సెప్టెంబర్ అనుకుందాం. ఇప్పుడు క్యాలెండర్ ముందు పెట్టుకుని చూడండి. జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌కు ఏడాదికి ఒక్కసారే దరఖాస్తు, అక్టోబర్‌లో. చేరిన నెలకే ప్రపోజల్ పంపాలి. నాలుగో విడతకు 2,377 ప్రపోజల్స్ వచ్చాయి, అడిగిన సమయం దాదాపు 78,000 గంటలు. ఉన్న ప్రతి గంటకీ తొమ్మిది గంటల గిరాకీ. ఫలితాలు మార్చిలో. అదృష్టం పండి టైమ్ దొరికిందనుకున్నా, ఆ విడత జులై 1న మొదలవుతుంది. మన వస్తువు ఆకాశంలో ఎప్పుడు కనబడితే అప్పుడు చూస్తారు, వచ్చే జూన్ దాకా ఎప్పుడైనా. ఈవిడ కాంట్రాక్టు ఆగస్టుతో సరి. డేటా వచ్చే రోజుకి ప్రపోజల్ రాసిన మనిషి కుర్చీలో ఉంటుందో లేదో ఎవరికీ తెలియదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

‘వెబ్ ఎందుకమ్మా, మన టెలిస్కోపులు లేవా?’ అంటారు. ఉన్నాయి, మంచివే. లడఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున రెండు మీటర్ల టెలిస్కోపు ఉంది, బెంగళూరు దగ్గర హొస్కోటె నుంచి నడుపుతారు. నైనితాల్ దగ్గర దేవస్థల్‌లో 3.6 మీటర్లది ఉంది. వాటితో బిలాన్ని తూయడానికి మంచి పద్ధతీ ఉంది, రివర్బరేషన్ మ్యాపింగ్. బిలం చుట్టూ తిరిగే వేడి వాయువు పళ్ళెం వెలుగు పెరిగితే, దూరంగా ఉన్న వాయుమేఘాలు కొంత ఆలస్యంగా వెలుగుతాయి. ఆ ఆలస్యాన్ని కాంతివేగంతో హెచ్చవేస్తే మేఘాల దూరం, వాటి గీతల వెడల్పు నుంచి వేగం, రెండూ కలిపితే బరువు.

చిక్కల్లా ఆలస్యంతోనే. దేదీప్యమానమైన క్వేజార్‌లో, అంటే బిలం తిండి వల్ల విపరీతంగా వెలిగే గెలాక్సీ నడుమలో, అది 300 రోజులుందనుకోండి. రెడ్‌షిఫ్ట్ 1 దగ్గర, అంటే దాని వెలుగు అలలు మన దాకా వచ్చేసరికి రెండింతలు సాగేంత దూరంలో ఉంటే, విశ్వం వ్యాకోచం పుణ్యమా అని మనకి 600 రోజులవుతుంది. నమ్మకంగా పట్టాలంటే కనీసం దానికి మూడింతల కాలం చూస్తూ ఉండాలి. అంటే ఐదేళ్ళు. ఒక్క బిలం తూయడానికి నాలుగు పొడిగింపు లేఖలు. మధ్యలో దేవస్థల్‌లో వానాకాలం మూతపడుతుంది, వస్తువు సూర్యుడి వెనక్కి పోతుంది. ఏటా అవే నెలలు ఖాళీగా పోయేసరికి లెక్కలో 180 రోజుల దగ్గరో, 365 దగ్గరో దొంగ ఆలస్యాలు తలెత్తుతాయి. అనుభవం ఉన్న కన్ను వాటిని పట్టేస్తుంది. అనుభవం వచ్చేసరికి కాంట్రాక్టు అయిపోతుంది.

మనకి దగ్గర్లో, నడుమ బిలం మితంగా వెలిగే సీఫర్ట్ గెలాక్సీలను తీసుకుంటే కొన్ని వారాల్లోనో, నెలల్లోనో తేలిపోతుంది, నిజమే. అందుకే ప్రకటనలో తొలినాటి మహాబిలాలని రాసి, చేరాక పక్క వీధి గెలాక్సీలనే తూయిస్తారు. ఏ బిలాన్ని తూయాలో నిర్ణయించేది ఐన్‌స్టీనూ కాదు, గైడూ కాదు. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్.

కంప్యూటర్ సంగతి క్లుప్తంగా: ప్రభుత్వ కొనుగోళ్ళ జెమ్ పోర్టల్, అందులో ఎల్-1, అంటే అందరికంటే తక్కువ ధరవాడు. స్పెసిఫికేషన్‌లో ఒక్క అంకె వదిలేస్తే ర్యామ్ సగమే వస్తుంది. సిమ్యులేషన్ మెమరీ చాలక ఆగిపోతుంది, మళ్ళీ ఇండెంట్.

ఇక జీతం. దాన్ని జీతం అనకూడదు, ఫెలోషిప్ అనాలి. 2023 జనవరి నుంచి రీసెర్చ్ అసోసియేట్ (కాగితాల్లో పోస్ట్‌డాక్ పేరు) మొదటి మెట్టుకు నెలకు 58,000 రూపాయలు, అంతకుముందు 47,000. హెచ్‌ఆర్‌ఏ ఉంది, డీఏ లేదు. ఆ అంకె గురించి కాదు గొడవ. ఆ అంకె ఒకటో తారీఖున బ్యాంకులో పడదు, అదీ గొడవ. ప్రాజెక్టు డబ్బు వాయిదాల్లో వస్తుంది. మొదటి వాయిదా ఖర్చుకు యుటిలైజేషన్ సర్టిఫికెట్ పోతేగానీ రెండోది కదలదు. దానికి అకౌంట్స్ సెక్షన్ లెక్క, ఆడిటర్ సంతకం, సంస్థ పెద్ద సంతకం. ఒకరు సెలవులో ఉంటే ఫైలూ సెలవులోనే. మార్చి 31 దాటితే మిగిలింది వెనక్కి పోతుంది, కొత్త మంజూరు వచ్చేదాకా ఎదురుచూపు. ‘ఫండ్స్ రాలేదమ్మా, ఏం చేస్తాం’ అంటారు అందరూ, వాన పడలేదన్నట్టు.

ఏం చేస్తారా? ఆ మాట అన్న ప్రతి ఒక్కరికీ ఆ నెల జీతం పడింది. ఫైలు ఆపిన గుమస్తాకి పడింది, సంతకం చేయని పెద్దాయనకి పడింది, ఆలస్యానికి సమీక్షా సమావేశం పెట్టి బిస్కెట్లు తిన్నవాళ్ళకి పడింది. పడనిది ఒక్క ఆ పని చేసే మనిషికే. ముప్పై రెండేళ్ళొచ్చి, డాక్టర్ అని పేరుకి ముందు రాసుకుని, నాలుగో నెల ఇంటద్దెకి నాన్నకి ఫోన్ చేయాలి. ఆ నాన్న రిటైరై పింఛను మీద ఉన్నాడు. ఇది ఖజానా లేని దేశం చేసే పని కాదు. సిగ్గు లేని వ్యవస్థ చేసే పని. పేపరు అచ్చయిన రోజు వీళ్ళే ఆమె పక్కన నిలబడి ఫోటో దిగుతారు, పత్రికలకు ప్రెస్ నోట్ పంపుతారు. అందులో ‘మన సంస్థ శాస్త్రవేత్త’ అని ఉంటుంది, ‘పూర్తిగా తాత్కాలికం’ అని ఉండదు.

విదేశాల్లో పాలూ తేనే ప్రవహించడం లేదు. 2025లో యూరప్ మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌లకు 17,000 పైచిలుకు దరఖాస్తులొచ్చాయి. అక్కడా రెండు మూడేళ్ళకోసారి పెట్టే సర్దుకుని ఖండం మారాలి. అయినా అమెరికాలో హబుల్ ఫెలోషిప్ మూడేళ్ళ దాకా ఉంటుంది. ఫిబ్రవరి 15 కంటే ముందే ఒప్పుకోవాలని ఏ పోస్ట్‌డాక్‌నీ ఒత్తిడి చేయకూడదన్న కట్టుబాటూ అక్కడి ఖగోళవేత్తల్లో ఉంది. మనదగ్గర ఆర్డరు మెయిల్‌లో వస్తుంది, ఏడు రోజుల్లో సమ్మతి, లేదంటే వెయిటింగ్ లిస్టు.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఆమె చేసే అసలు పని ఇంకో ఉద్యోగానికి దరఖాస్తులు. ఒక్కో చోటికీ చేయబోయే పని గురించి మూడు నాలుగు పేజీలు, పేపర్ల జాబితా, మూడు సిఫార్సు లేఖలు. లేఖ రాయాల్సినవాళ్ళలో ఒకరు గడువు రోజు రాత్రి దాకా జవాబివ్వరు. ఈలోగా పొడిగింపు ఫైలు ఎక్కడో ఒక బల్ల మీద ‘పనితీరు’ దగ్గర ఆగి ఉంటుంది.

పొడిగింపు రాదు. వెళ్ళేముందు నో డ్యూస్ ఫారం. లైబ్రరీ, హాస్టల్, మెస్, స్టోర్స్, సెక్యూరిటీ, కంప్యూటర్ సెక్షన్, ఒక్కోదానికీ ఒక్కో గడి, సంతకం, స్టాంపు. ఎల్-1 కంప్యూటర్ స్టోర్స్‌కి అప్పగించాలి. అందులోని సిమ్యులేషన్‌ను ఎవరూ కాపీ చేసుకోకపోతే ఫార్మాట్ చేసి ర్యాకులో పెడతారు. ఆఖరి నెల డబ్బు ఈ ఫారం పూర్తయితేనే. సంస్థకి ఆమె ఏమేం బాకీ ఉందో రాయడానికి ఆరు గడులున్నాయి. సంస్థ ఆమెకి బాకీ పడ్డ నాలుగు నెలల డబ్బు రాయడానికి ఒక్కటీ లేదు.