మధ్యాహ్నం మూడింటికి శ్రీకాకుళంలో ఎక్కడ నడుద్దాం?

శ్రీకాకుళంలో ఆదివారం భోజనాలయ్యాక ఇంట్లో ఎవరో ఒకరు "ఎక్కడికైనా వెళ్లొద్దామా" అంటారు. వెంటనే రెండు పేర్లు వస్తాయి: అరకు, వైజాగ్ బీచ్. రెండూ ఒక పూటలో తెమిలేవి కావు. మాట అక్కడితో ఆగిపోతుంది, ఎవరి ఫోన్ వాళ్లు పట్టుకుంటారు. మూడు గంటల ఖాళీ దొరికిన మనిషి చెట్టూ నీళ్లూ చూసి రావడానికి ఈ ఊళ్లో ఏముందని అడిగేవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఊరి మధ్య నుంచి నాగావళి పారుతోంది. కాస్త దూరంలోనే అది సముద్రంలో కలుస్తోంది. గంటలోపు ప్రయాణంలో వంశధార ఒడ్డున రెండు వేల ఏళ్లనాటి బౌద్ధ శిథిలాలున్న శాలిహుండం కొండ ఉంది. ఇన్ని ఒకచోట ఉన్న జిల్లా కేంద్రాలు రాష్ట్రంలో ఎక్కువ లేవు. అయినా ఆ ప్రశ్న అడుగుతున్నామంటే, చోటు ఉన్నా అక్కడ నిశ్చింతగా నడిచి చీకటి పడేలోగా ఇంటికి చేరే ఏర్పాటు లేకపోవడమే కారణం. ఆ ఏర్పాటుకు పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు.

ముందు వెలుతురు సంగతి చూడాలి. దేశానికంతటికీ ఒకటే గడియారం, అది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. శ్రీకాకుళం అంతకంటే తూర్పున, 83.9 డిగ్రీల దగ్గర ఉంది. అందుకే మనకు పొద్దు తొందరగా గూకుతుంది. డిసెంబరు మొదటి వారంలో ఐదుంపావు దాటితే సూర్యుడు కనపడడు. అదే రోజున హైదరాబాద్‌లో ఇంకో ఇరవై నిమిషాల పైగా వెలుతురు ఉంటుంది. మే నెలలో ఆరుంపావు దాటాకే పొద్దు గూకినా, నాలుగున్నర దాకా ఎండ మాడ్చేస్తుంది కాబట్టి అది నడిచే కాలం కాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మధ్యాహ్నం మూడింటికి బయల్దేరినవాళ్లకు చేతిలో ఉండేది రెండు నుంచి మూడు గంటలు. అందులో గంట బస్సులోనే పోతే ఇక నడకేముంది? మన అవసరానికి పాతిక కిలోమీటర్లు దాటిన ఏ చోటూ పనికిరాదన్నది నా లెక్క.

ఆ లెక్కన మొదట చెప్పుకోవాల్సింది ఊళ్లోని ఏటిగట్టునే. బలరాముడు నాగలితో గీసిన చాలులో నీళ్లు పారి నాగావళి అయిందని పెద్దలు చెబుతారు. ఆయన ఈ ఏటి వెంట ఐదు శివాలయాలు నిలిపాడని, వాటిలో ఒకటి మన ఊళ్లోని ఉమారుద్ర కోటేశ్వరస్వామి గుడి అని, చివరిది సముద్రం దగ్గర కళ్లేపల్లిలోని మణినాగేశ్వరస్వామి గుడి అని కూడా చెబుతారు. అంటే ఊరి జనాన్ని ఏటి దగ్గరికి తీసుకెళ్లే ఆచారం తరతరాలుగా ఉన్నదే. కార్తీక సోమవారం తెల్లవారుజామున ఏట్లో దీపాలు వదలడానికి వెళ్లే ఆడవాళ్లు, అదే ఏటిగట్టు మీద మామూలు రోజు సాయంత్రం కాసేపు నడవడానికి వెనకాడతారు. గట్టు పొడవునా చెత్త కుప్పలు, మురుగు కాలువ కలిసే చోట ముక్కు మూసుకోవాల్సిన కంపు, తుప్పల చాటున మందు సీసాలు ఉంటాయి. ఇద్దరు ఆడవాళ్లు తోడు మగవాళ్లు లేకుండా ఒక గంట నడిచి రాగలరా? ఏ దారినైనా నేను ఈ ఒక్క ప్రశ్నతోనే కొలుస్తాను. ఊళ్లో చాలామంది నడక ఆర్ట్స్ కాలేజీ మైదానం చుట్టూ తిరగడంతో సరిపోతోందంటే వాళ్లకు ఏరంటే ఇష్టం లేక కాదు, అక్కడైతే పదిమంది కనపడతారన్న ధైర్యం ఉంది కాబట్టి.

శీతాకాలంలో ఏరు సన్నబడి ఇసుక తిన్నెలు బయటపడతాయి. నీటి అంచున తెల్లకొంగలు, లకుముకి పిట్టలు, తీతువులు కనిపిస్తాయి. తీతువు గూడు కట్టదు. మార్చి తర్వాత ఉత్త నేల మీద, చిన్న గుంటలో, గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు పెడుతుంది. మచ్చల మచ్చలుగా ఉన్న ఆ గుడ్లు రాళ్లలో కలిసిపోయి, కాలి ముందు ఉన్నా కనపడవు. మనం దగ్గరికి వెళ్లేసరికి పిట్ట లేచి నెత్తి మీద గిరగిరా తిరుగుతూ గోల పెడుతుంది. మనం గుడ్ల వైపు పోతున్న కొద్దీ ఆ గోల పెరుగుతుంది. తీతువు అరిస్తే అపశకునం అని చిన్నప్పుడు విన్న పిల్లలకు, అది తన గుడ్లను కాపాడుకోవడానికి అరుస్తోందని అక్కడే నిలబెట్టి చూపించవచ్చు. నది సుందరీకరణ అంటే ఒడ్డంతా కాంక్రీటు పోసి టైల్స్ పరచడమే అనుకునేవాళ్లు ఈ పిట్ట ఎక్కడ గుడ్లు పెడుతుందో ఒక్కసారి ఆలోచించాలి.

ఏటి విషయంలో రెండు జాగ్రత్తలు చెప్పకపోతే తప్పవుతుంది. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టినవి. మన దగ్గర చినుకు లేకపోయినా పైన వాన పడితే ఇక్కడ నీరు లేస్తుంది. జూలై నుంచి అక్టోబరు దాకా ఇసుకలోకి దిగకుండా గట్టు మీదే నడవాలి. ఇక ఇసుక తవ్విన గోతులు ఏ కాలంలోనైనా ప్రమాదమే. పైకి మోకాలి లోతు నీళ్లలా కనిపించే చోట మనిషి మునిగేంత గొయ్యి ఉంటుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు నీటి అంచు నుంచి దూరంగా నడవడం మేలు.

కళ్లేపల్లి దగ్గర వాతావరణమే మారిపోతుంది. తాటితోపులు, సరుగుడు తోటలు, ఇసుక మేటలు, వాటి అవతల ఏరూ సముద్రమూ కలిసే చోటు. పోటు సమయంలో ఉప్పునీరు ఏట్లోకి ఎదురెక్కుతుంది, పాటులో వెనక్కి పోతుంది. ఒడ్డున ఎర్రపీతలు బొరియలు తవ్వి, తీసిన ఇసుకను విసనకర్ర ఆకారంలో బయటికి చిమ్మి ఉంచుతాయి. మన అడుగు చప్పుడు తగలగానే అన్నీ ఒక్కసారిగా లోపలికి దూరిపోతాయి. కదలకుండా రెండు నిమిషాలు కూర్చుంటే ముందు కళ్లు మాత్రం బయటపెట్టి చూసి, ఆ తర్వాత ఒక్కొక్కటీ వస్తాయి.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా శ్రీకాకుళం తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో తల్లి ఇసుకలో గొయ్యి తవ్వి సుమారు వంద గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతుంది. అటవీశాఖ ఆధ్వర్యంలో ఆ గుడ్లను సేకరించి, కంచె వేసిన చోట పొదిగించి పిల్లల్ని సముద్రంలో వదులుతున్నారు. తాబేళ్లు ఒడ్డెక్కేది రాత్రిళ్లే కాబట్టి పగటి నడకలో మనకు కనిపించేది చాలాసార్లు వలల్లో ఊపిరాడక చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేలే. మనసు చివుక్కుమంటుంది. అయినా అది చూడాల్సిందే అంటాను. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుతురు ఎక్కువగా ఉన్న వైపు పాకుతుంది. కరెంటు లేని తీరంలో ఆ వెలుతురు సముద్రం వైపే ఉంటుంది. బీచ్‌ని అభివృద్ధి చేస్తామంటూ మొదట పాతేది హైమాస్ట్ లైట్లనే. ఆ లైటు ఊరి వైపు వెలిగితే తాబేలు పిల్లలు రోడ్డు మీదికి పాకి చస్తాయి. లైటు, ఆర్చి, సెల్ఫీ పాయింట్ పెట్టి ఇక స్పాట్ తయారైందనుకునే పద్ధతి మీద నా అసలు అభ్యంతరం ఇదే. చూడ్డానికి వచ్చింది దేన్నో, దాన్నే ఆ పద్ధతి చెడగొడుతుంది.

శాలిహుండం విషయంలో కొంత అదృష్టవంతులం. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉండటం వల్ల ఆ కొండ మీద కొత్త కట్టడాలు పుట్టుకురాలేదు. శ్రీకాకుళం నుంచి సుమారు 20 కిలోమీటర్లు. వ్యావహారిక భాష కోసం పోరాడిన మన గిడుగు రామమూర్తి గారే 1919లో ఈ బౌద్ధ క్షేత్రాన్ని వెలుగులోకి తెచ్చారని చాలామందికి తెలియదు. సవరల భాష నేర్చుకోవడానికి వాళ్ల మధ్యే తిరిగిన మనిషి ఆయన. కొండెక్కే దారి పిల్లలు కూడా అలసిపోకుండా ఎక్కగలిగినంతే. ఇటుక స్తూపాల మొదళ్లు, గుండ్రటి చైత్యాల పునాదులు, పక్కనే మ్యూజియంలో బౌద్ధ దేవతలు తార, మారీచి విగ్రహాలు ఉంటాయి. పైనుంచి చూస్తే కింద వంశధార, దాని ఒడ్డున పొలాలు. భిక్షువులు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో అక్కడ నిలబడితే తెలిసిపోతుంది. కళింగపట్నం రేవుకు దగ్గర, ఊళ్ల సందడికి కాస్త ఎడం. కొండ మీద శిథిలాలు చూసి వెంటనే దిగిపోకుండా, కింద పొలాల వెంట బండిబాట పట్టుకుని కూడా ఒక అరగంట నడవాలి.

వానాకాలంలో ఆ బాట పక్కన తాటిచెట్లకు గిజిగాడి గూళ్లు వేలాడుతుంటాయి. గూడు అల్లేది మగపిట్ట. సగం అల్లాక ఆగి, రెక్కలాడిస్తూ ఆడపిట్టను పిలుస్తుంది. ఆమె వచ్చి లోపలంతా చూసి, నచ్చితేనే మిగతా సగం, కింద వేలాడే గొట్టం పూర్తవుతాయి. నచ్చకపోతే ఆ గూడు అలాగే మొండిగా మిగిలిపోతుంది. చెట్టు కింద రాలిన గూడు దొరికితే విప్పి చూడండి, లోపలి గోడకు తడిమట్టి ముద్దలు అంటించి ఉంటాయి.

తేలినీలాపురం పక్షుల సంగతి చాలామంది అడుగుతారు. అది టెక్కలి దాటాక ఉంది, ఒక పూట నడకకు దూరం. దానికి ఒక రోజంతా కేటాయించుకుని వెళ్లాలి. ఒక మాట మాత్రం చెప్పాలి: అక్కడ చింతచెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులను సైబీరియా పక్షులంటారు గానీ, ఆ జాతి గుడ్లు పెట్టేది దక్షిణ, ఆగ్నేయాసియాల్లోనే. అది మన పక్షి.

నేను చెప్పిన బాటలేవీ కొత్తగా వేయాల్సినవి కావు. పశువులు తోలుకెళ్లేవాళ్లు, కూలికి వెళ్లే ఆడవాళ్లు, వల భుజాన వేసుకుని ఏటికి పోయే మత్స్యకారులు రోజూ నడిచేవే. వాళ్లు నడవబట్టే అవి బాటలుగా మిగిలాయి. పొలాలు ప్లాట్లు అవుతున్న చోట ఈ బాటలే ముందు మాయమవుతున్నాయి. లేఅవుట్ గోడ బండిబాటకు అడ్డంగా లేస్తే రైతు చుట్టూ తిరిగి పోతాడు, కొన్నాళ్లకు ఆ దారి ఉందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. రెవెన్యూ లెక్కల్లో రస్తా పోరంబోకుగా, అంటే దారికి వదిలిన ప్రభుత్వ భూమిగా ఉన్న దాన్ని ఎవరూ అడగకపోతే అది ఆక్రమించుకున్నవాడి సొంతమైపోతుంది. పట్నం నుంచి నడవడానికి వచ్చే నలుగురు ఆ దారిలో కనిపిస్తుంటే, అడిగే నోళ్లు నాలుగు పెరుగుతాయి. మనం వెళ్లడం వల్ల ఊరివాళ్లకు జరిగే మేలు ఏదైనా ఉంటే అది ఇదే. అక్కడ ప్లాస్టిక్ ప్లేట్లు పారేసి, పొలంగట్టు మీద కారు ఆపి పాటలు పెడితే ఆ మేలు కూడా పోతుంది. కార్తీక మాసం వనభోజనాల మర్నాడు తోటల్లో ఏం మిగులుతోందో తోట యజమానులను అడిగితే చెబుతారు.

2015లో శ్రీకాకుళం కార్పొరేషన్ అయింది. ఊళ్లో ఏటిగట్టు మీద ఒక్క రెండు కిలోమీటర్లు తీసుకుని, చెత్త ఎత్తించి, మురుగు కలవకుండా మళ్లించి, మట్టిబాటే ఉంచి రెండు వైపులా కానుగ, వేప నాటిస్తే చాలు. కానుగ మనం పట్టించుకోకపోయినా బతుకుతుంది, నీడ దట్టంగా ఇస్తుంది, గట్టు మట్టిని పట్టి ఉంచుతుంది. సాయంత్రం పూట ఇద్దరు గార్డులు అటూ ఇటూ తిరుగుతుంటే సీసాల గుంపులు వాటంతటవే జాగా మారుస్తాయి. ఆ తర్వాత అక్కడ కాపలా కాసేది నడిచే జనమే.

ఇక బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో కళింగపట్నం బస్సెక్కే ఆడమనిషికి ఖర్చు సమస్య కాదిప్పుడు, తిరిగి ఎలా రావాలన్నదే టెన్షన్. బస్సు ఎప్పుడొస్తుందో తెలియక నాలుగున్నరకే రోడ్డెక్కి నిలబడితే నడక ఎప్పుడు నడిచేది? చలికాలం నాలుగు నెలలూ ఆదివారాల్లో, పొద్దు గూకే వేళకు, ఐదూ నలభై ప్రాంతంలో కళ్లేపల్లి, శాలిహుండం వైపు నుంచి ఊళ్లోకి తప్పకుండా ఒక్కో బస్సు ఉండాలి. ఆ టైము అక్కడి స్టాపులో, కాంప్లెక్స్‌లో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. మిగతావన్నీ నిదానంగా జరిగినా, ఈ ఒక్కటి రాబోయే నవంబరుకే మొదలుపెట్టవచ్చు.